తుక్కు కొండ మీద పిచ్చుక గూడు

మార్చి 4

మామయ్యకు నమస్కారాలు.

మీ వాగుడుకాయకు ఉద్యోగం వచ్చింది. "నీ నోటికి జీతమిచ్చేవాడు ఇంకా పుట్టలేదు" అని ఇన్నాళ్లూ ఏడిపించారుగా, పుట్టాడు. ప్రతిపక్ష నాయకుడి ఆఫీసులో ఉపన్యాసాలు రాసే పని. నేను రాస్తాను, ఆయన చదువుతాడు. చప్పట్లు ఆయనకి, అచ్చుతప్పులు నాకు.

ఫోను చేసి చెబుదామనుకున్నాను గానీ, మీరు అన్నిటికీ "ఆఁ, ఆఁ" అని, చివరికి రిసీవరు అత్తయ్యకి అందిస్తారు. పోయినసారి నాకు జ్వరమని చెబితే "చాలా సంతోషం" అన్నారు. అందుకే ఉత్తరం.

ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. గొడుగులమ్మే కొట్టు పైన మూడో అంతస్తు. నాలుగు బల్లలు, ఒకటే కిటికీ. కిటికీ పక్క బల్ల అందరికంటే పాతవాడిది. నాది జిరాక్సు మిషను పక్కన. అది తిరుగుతున్నంతసేపూ మోకాళ్లు వెచ్చగా ఉంటాయి, ఆగిందంటే చలి.

అసలు సంగతి. నాకిచ్చిన మొదటి పనే మీ కంపెనీ మీద. ప్రభుత్వం మీ లారీల కంపెనీ అప్పులన్నీ తన నెత్తిన వేసుకోబోతోంది. మంత్రిగారు దీన్ని "ఆదుకోవడం" అంటున్నారు, ఇంకా కడుపు నిండిన రోజున "పరిశ్రమకు ఊపిరి పోయడం" అంటున్నారు. మేం దానికి వేరే పేరు పెట్టాలి. "దోచిపెట్టడం" అరిగిపోయింది, వింటే జనం ఆవలిస్తున్నారు. "ప్రజాధనాన్ని అప్పనంగా కట్టబెట్టడం" పూర్తయ్యేలోపు ఊపిరి అయిపోతుంది. "లాభం వాళ్ల ఇంటికి, నష్టం మన వీధికి" అని రాసిచ్చాను. నాయకుడు రెండుసార్లు చదివి, "బాగుందమ్మా, కానీ ఊరేగింపులో ఆఖరి వరసవాడు అరవలేడు. రెండే మాటలుండాలి, కళ్లకు కట్టాలి" అన్నాడు. రెండు మాటల్లో అంత పెద్ద కంపెనీని ఎలా పట్టుకోవాలో తెలియక వారం రోజులుగా పెన్సిలు నములుతున్నాను.

మేం తిట్టేది పైవాళ్లని, మిమ్మల్ని కాదు. మీకేం ఇబ్బంది లేదు కదా? అక్కడెలా ఉందో రాయండి. కబుర్లయినా సరే.

అత్తయ్యని అడిగానని చెప్పండి.

మీ మేనకోడలు


మార్చి 15

మా వాగుడుకాయకు,

నీ ఉత్తరం మీ అత్తయ్య నాకంటే ముందు చదివి, వీధిలో నలుగురికి చెప్పి, ఆ తర్వాత నా చేతికిచ్చింది. చాలా సంతోషం. ఈసారి సరైన చోటే అన్నాను.

పైవాళ్లని ఎంత తిట్టినా నాకు అభ్యంతరం లేదు. ఆ డబ్బు వాళ్ల చేతికివ్వకూడదని నేనూ అంటాను. రెండేళ్ల కిందట మంచి ఇనుము అమ్మేవాడిని మాన్పించి చవకరకం తెప్పించింది వాళ్లే. అలా మిగిల్చినదాంతో ఛైర్మన్ సొంత విమానం కొనుక్కున్నాడు. అది మా షెడ్డు మీదుగా పోయినప్పుడల్లా ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే పోతఖానా వాళ్లు టోపీలు తీసి ఊపుతారు. నోటితో ఏమంటారో నాకు వినపడదు, పెదాలు చూస్తే మాత్రం నీకు రాయదగ్గది కాదు.

నా పని నీకు తెలియంది కాదు. లారీ చక్రం మధ్యలో కూర్చునే ఇనుప హబ్బు పోతఖానాలో పోసి చల్లారాక నా బల్ల మీదికొస్తుంది. కుడిచేత్తో చిన్న సుత్తి వేసి, ఎడమ అరచెయ్యి దానికి ఆనిస్తాను. మంచిదైతే వణుకు చాలాసేపు నిలుస్తుంది. లోపల పగులుంటే చటుక్కున ఆగిపోతుంది. మిగతావాళ్లు మోత విని చెబుతారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ మోతే నా చెవులు తినేసింది కాబట్టి నేను చేత్తో వింటాను. ఎదురుబల్ల మేమంతా కళ్లజోడు అని పిలిచేవాడిది. నీకు గుర్తుందో లేదో, నువ్వు ఏడేళ్లప్పుడు షాపుకొస్తే తన భూతద్దం నీ చేతికిచ్చి చీమని చూపించాడు. పద్దెనిమిదేళ్లుగా ఇద్దరం ఒకే ఫ్లాస్కులో టీ తాగుతున్నాం. కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం. నేను సరేనన్న హబ్బుని కూడా ఒక్కోసారి భూతద్దం పెట్టి చూస్తాడు.

ఆ రోజు మా పద్ధతి చూసి నువ్వు నవ్వావు. ఏ హబ్బునీ ఊరికే తీసెయ్యకూడదు. ఎందుకు తీసేశామో సుద్దముక్కతో దాని మీదే రాయాలి: పగులు, బుడగ, వంకర. కింద తీసేసినవాడి నంబరు వెయ్యాలి. దాన్ని పోసినవాణ్ణి పిలిచి, పక్కన నిలబెట్టి చూపించాలి. తీరా మనం పొరబడ్డామని తేలితే ఆ రాత చెరిపెయ్యకూడదు. దాని కిందే "తిరిగి చూశాను, బాగుంది" అని రాసి మళ్లీ నంబరు వెయ్యాలి. అది రాయడానికి చాలామందికి చెయ్యి రాదు. కళ్లజోడు నెలకొకసారైనా రాస్తాడు, రాసి నన్ను పిలిచి చూపిస్తాడు కూడా.

కబుర్లడిగావు. మా కిటికీ అవతల తీసేసిన హబ్బుల గుట్ట రెండు నిలువులైంది. మొన్న దాని మీద పిచ్చుక గూడు పెట్టింది. మా కిటికీలోంచి తప్ప ఇంకెక్కణ్ణుంచీ కనపడదు. కళ్లజోడు రోజూ గుట్టెక్కి గుడ్లు చూసొచ్చి వేళ్లు చూపిస్తాడు. నిన్నటికి మూడు.

పెన్సిలు నమలకు, కడుపునొప్పి వస్తుంది.

నీ మామయ్య


ఏప్రిల్ 11

అమ్మడూ,

నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను. మీ నాయకుడి ఉపన్యాసం పేపర్లో చదివాను. మొదటి పేజీలో, పెద్ద అక్షరాలతో వేశారు. "మన పన్నులు ఎక్కడికి పోతున్నాయో తెలుసా? పిచ్చుకలు గూళ్లు పెట్టుకునేంత కాలంగా పడి ఉన్న తుక్కు కొండకి! తుక్కు కొండకి మన సొమ్మా?" సభ మొత్తం లేచి "తుక్కు కొండ, తుక్కు కొండ" అని అరిచిందట. రెండు మాటలు. ఆఖరి వరసవాడికి కూడా అందింది.

హబ్బుల్ని ఎందుకు తీసేస్తామో నువ్వు పుట్టినప్పట్నుంచీ మా ఇంట్లో చెప్పుకునే సంగతే కదా, నీకు తెలుసనుకున్నాను. ఆ గుట్ట పాడుపనికి గుర్తు కాదే తల్లీ. రోడ్డెక్కకుండా మేం ఆపినవి అవి. చవకరకం ఇనుములో పది పోస్తే నాలుగు పగులుతున్నాయి. తిరిగి కరిగించినా అదే పగులు. అమ్మినవాడు తీసుకెళ్లాలి, తీసుకెళ్లడు. పైవాళ్లు ఏడాదిగా "కాస్త చూసీ చూడనట్టు పొండి" అని కాగితాలు పంపుతున్నారు. మేం పోలేదు. అందుకే అది రెండు నిలువులైంది. గుట్ట లేని షాపు గురించి భయపడాలి, ఉన్నదాని గురించి కాదు.

నిన్న బస్సు మా గేటు దగ్గర ఆగగానే కండక్టరు "తుక్కు కొండ, దిగండి" అన్నాడు. నాకు వినపడలేదు. బస్సంతా నవ్వుతుంటే పక్కాయన పెదాలు చూసి తెలుసుకున్నాను. మా దగ్గర హబ్బులు కొనే రెండు కంపెనీలు ఇకమీద ముందే నమూనాలు పంపమన్నాయి. నేను పనిలో చేరినప్పట్నుంచీ ఎప్పుడూ అడగలేదు. ఇలాగే సాగితే మా నాలుగొందల మందికి ముందు పని పోతుంది, డబ్బు సంగతి పైవాళ్లు చూసుకుంటారు.

సూటిగా అడుగుతున్నాను. ఆ పిచ్చుక నేను నీకు రాసిందేనా? అవునైతే అవునను. నేను అరవను, అరిచినా నాకు వినపడదు.

మామయ్య


ఏప్రిల్ 19

మామయ్యకు నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి భయపడిపోయాను. కాదు మామయ్యా, అది మీరు రాసింది కాదు. మా ఆఫీసుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది, మీ ప్లాంటు నుంచే. గుట్ట, గూడు, అన్నీ అందులోనే ఉన్నాయి. నా చేతికొచ్చేసరికే నాయకుడు వాటి కింద గీతలు గీసేశాడు. నేను వాక్యాలు సరిచేశాను, అంతే.

గుట్ట వెనక ఇంత కథ ఉందని నాకు నిజంగా తెలియదు. నా చిన్నప్పుడు మీరు చెప్పే ఉంటారు, నేను చీమని చూస్తూ ఉండిపోయుంటాను. అయినా ఒక్కమాట. తెలిసినా దాన్ని రెండు మాటల్లో ఎలా పెడతాం? "పైవాళ్ల చవకబేరం వల్ల పగిలిన సరుకును కిందివాళ్లు నిజాయితీగా ఆపినందువల్ల పేరుకున్న గుట్ట" అంటే ఊరేగింపు రెండో వీధికి చేరేలోపు చెదిరిపోతుంది. రాజకీయాల్లో మాటలు సుత్తుల్లాంటివి, వాటితో కుట్టుపని చెయ్యలేం. జనానికి కోపం వచ్చింది కదా, ఆ కోపం ఛైర్మన్ మీదికే పోతుంది. మిమ్మల్నెవరూ ఏమీ అనుకోరు. ఆ కండక్టరుకు బుద్ధి లేదు.

ఇక్కడ వారం నుంచీ వాన. కింద కొట్టువాడి మొహం వెలిగిపోతోంది, నాకు ఒక గొడుగు సగం ధరకే ఇచ్చాడు. మొన్న నాయకుడు అందరి ముందూ నాకు చెయ్యి కలిపాడు.

అత్తయ్యకి నడుంనొప్పి తగ్గిందా?

మీ మేనకోడలు


మే 3

అమ్మడూ,

నిన్ను అనుమానించినందుకు లెంపలేసుకున్నాను. మీ అత్తయ్య ఇంకో రెండు వేస్తానంది.

ఆకాశరామన్న ఎవరో దొరికాడు. దొరకడమేముంది, కూర్చుని ఆలోచిస్తే తేలిపోయింది. ఆ గూడు మా కిటికీలోంచే కనపడుతుంది. కిటికీ దగ్గర రెండు బల్లలే ఉన్నాయి. నేను రాయలేదు. మిగిలింది ఒక్కడు. పైగా రోజూ గుట్టెక్కి గుడ్లు లెక్కపెట్టింది వాడేగా. పైవాళ్ల మీద మంట వాడికి నాకంటే ఎక్కువ. పోయినేడు వాళ్ల కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి పంపించాడు. వాడే రాసుంటాడు, ఇలా తిరగబడుతుందని తెలియక.

తెలియకపోతే మాత్రం? నాలుగొందల మంది నోటికాడ కూడు. నాకు ఒక్క మాట చెప్పి రాయాల్సింది.

నేనేం అడగలేదు. నా ఫ్లాస్కు నా వైపుకి జరుపుకున్నాను. మర్నాడు వాడు తన గ్లాసు ముందుకు చాపాడు, నేను మూత బిగించాను. పోతఖానా వాళ్లు ఏమైందని అడిగితే చెప్పాను. ఇప్పుడు వాడి పక్కన కూర్చుని ఎవరూ అన్నం డబ్బా విప్పడం లేదు. నిన్న నా ముందుకొచ్చి నిలబడి ఏదో అనబోయాడు. నేను మొహం తిప్పుకున్నాను. చెవులు లేనివాడికి అదొక సౌకర్యం, మొహం తిప్పుకుంటే ఎదుటివాడి మాట అక్కడితో ఆగిపోతుంది.

రెండో విడత పిచ్చుక పిల్లలు రెక్కలు విదిలిస్తున్నాయి. ఎన్నున్నాయో తెలియదు, చెప్పేవాడు లేడు.

మామయ్య


మే 12

మామయ్యకు,

మీ ఉత్తరం అందింది. అంత తొందరపడకండి మామయ్యా. రాసింది కళ్లజోడు బాబాయే అని ఎలా చెప్పగలం? గుట్ట మీదికి పోతఖానా వాళ్లూ వెళతారుగా. హబ్బుల్ని బండి మీద తోసుకొచ్చేవాడు చూసి ఉండొచ్చు. ఒకసారి ఆయన చెప్పేదేమిటో వినండి. నా మాట విని ఆ ఫ్లాస్కు మళ్లీ మధ్యలో పెట్టండి.

ఇక్కడ ఆ రెండు మాటలు మా చెయ్యి దాటిపోయాయి. బనియన్ల మీద అచ్చేశారు. పక్కవీధిలో పిల్లలు తాడాట ఆడుతూ అదే పాడుతున్నారు. ఒక లెక్చరర్‌గారు టీవీలో గంటసేపు దాని గురించే మాట్లాడాడు, ఏ కంపెనీ గురించో మాత్రం చెప్పలేదు. పాలకపక్షం వాళ్లూ వాడటం మొదలుపెట్టారు. మంత్రిగారు నిన్న సభలో "తుక్కు కొండలను మేమూ సహించం" అన్నారు. మా నాయకుడు అది విని ముసిముసిగా నవ్వుకున్నాడు. నాకెందుకో నవ్వు రాలేదు.

నా బల్ల కిటికీ పక్కకి మార్చారు. ఇంకేం రాయాలో తోచడం లేదు.

మీ మేనకోడలు


జూన్ 20

అమ్మడూ,

కళ్లజోడు ఉద్యోగం మానేశాడు.

మనంతట మనం మానేస్తే, తర్వాత ప్లాంటు మూసేసినా పరిహారం రాదు. ఆ సంగతి వాడికి నాకంటే బాగా తెలుసు, ఆ నిబంధన అందరికీ చదివి వినిపించింది వాడే. అయినా మానేశాడు. ఆఖరి రోజు తన బల్ల తడిగుడ్డతో తుడిచాడు. సుత్తి అప్పగించి సంతకం పెట్టాడు. పోతూ పోతూ భూతద్దం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నేను తలెత్తలేదు. తలెత్తేసరికి తలుపు మూసుకుంటోంది.

రెండు కంపెనీల్లో ఒకటి కొనడం మానేసింది. పోయినవారం ప్రభుత్వం వాళ్లు ఐదుగురు వచ్చారు, ప్లాంటుని ఆదుకోవాలా వద్దా అని చూడటానికి. తిన్నగా గుట్ట దగ్గరికెళ్లి ఫోటోలు తీసుకున్నారు. తనిఖీ గదిలోకి రమ్మని చేత్తో పిలిచాను. ఒకాయన గడియారం చూసుకున్నాడు. కారణాలు రాసి ఉన్న వైపుని కాక, వాన పడి సుద్ద కరిగిపోయిన వైపుని తీశారు.

నాకు కొన్నాళ్లుగా నిద్ర సరిగ్గా పట్టడం లేదు. సుత్తి వేస్తుంటే ఎదురుగా ఖాళీబల్ల. ఒక హబ్బుని రెండుసార్లు, మూడుసార్లు చూస్తున్నాను. నువ్వొక పని చేసిపెట్టు. ఆ ఆకాశరామన్న ఉత్తరం మీ ఆఫీసులో ఎక్కడో ఉంటుంది కదా, దాన్ని ఒకసారి నాకు పంపు. అసలు వద్దంటే జిరాక్సు అయినా సరే. వాడి చేతిరాత ఎక్కడున్నా గుర్తుపడతాను. వాడిదేనని ఒక్కసారి చూస్తే నా మనసు కుదుటపడుతుంది.

మామయ్య


జూన్ 26

మామయ్యా,

పంపడానికి ఉత్తరం లేదు. ఏ ఆకాశరామన్నా మాకు రాయలేదు. మీరు మార్చి పదిహేనున నాకు రాసిన ఉత్తరంలోంచి గుట్టనీ, గూటినీ తీసి నేనే ఉపన్యాసంలో పెట్టాను. "తుక్కు కొండ" అన్నది నేనే. మీరు సూటిగా అడిగినప్పుడు, మీకు కోపం వస్తుందని కాదు, నా వాక్యం తప్పని ఒప్పుకోవాల్సి వస్తుందని అబద్ధమాడాను. కొత్త ఉద్యోగం, మొదటి చప్పట్లు. అదొక్కటే కారణం, ఇంకేం లేదు.

మీరు కళ్లజోడు బాబాయి గురించి రాసినప్పుడే చెప్పాల్సింది. నీళ్లు నమిలాను. ఆయన తన భూతద్దం నా చేతికిచ్చిన రోజు నాకు గుర్తుంది.

ఈ ఉత్తరం ఎవరికి చూపించినా సరే. నా సంతకం ఉంది.

మీ మేనకోడలు


ఆగస్టు 8

మామయ్యకు నమస్కారాలు.

ఆరు వారాలైంది, మీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. అడిగే హక్కు నాకు లేదనుకోండి. అత్తయ్యకి ఫోను చేస్తే "తింటున్నాడు, పనికెళ్తున్నాడు, నీ గురించి అడగొద్దన్నాడు" అని పెట్టేసింది.

బిల్లు పాసయింది. మీకు తెలిసే ఉంటుంది, అయినా లోపలి సంగతి రాస్తాను. మేం ఆ డబ్బు ఇవ్వొద్దన్నాం. ఇచ్చారు, అడిగినదంతా ఇచ్చారు. ఛైర్మన్ ఉన్నాడు, ఆయన కుర్చీ ఉంది, విమానం అమ్మాలన్న షరతు ఎక్కడా లేదు. ఒకే ఒక్క షరతు పెట్టారు: "నష్టాలకు కారణమైన తుక్కు కొండను తొలగించాలి" అని. అంటే హబ్బుల ప్లాంటు మూసెయ్యాలి. మంత్రిగారు సభలో "ప్రతిపక్షం కోరికను మన్నించాం" అన్నారు. మా నాయకుడు బయటికొచ్చి మైకుల ముందు "ఇది మన గెలుపు" అన్నాడు. పైవాళ్ల మీదికి విసురుతున్నాననుకున్న మాట వాళ్ల చేతికే అందించాను. దాన్ని పట్టుకుని వాళ్లు కిందివాళ్ల మీదికి తిప్పారు.

నేను చెయ్యగలిగింది ఒకటి ప్రయత్నించాను. ఆ వారం ఉపన్యాసంలో ఈ వాక్యం పెట్టాను: "ఆ గుట్ట గురించి మేం అన్నది తప్పు. తిరిగి చూశాం, అక్కడి పని బాగుంది." నాయకుడు కొట్టేశాడు. మర్నాటి దాంట్లో మళ్లీ పెట్టాను. మళ్లీ కొట్టేశాడు. మూడోసారి పిలిచి కూర్చోబెట్టాడు. కోప్పడలేదు. "చూడమ్మా, ఈ వాక్యం నిజమే కావచ్చు. కానీ మన నోటంట రాకూడదు. వచ్చిందంటే రేపట్నుంచి అవతలివాడు మన ప్రతి మాటకీ 'ఇది తిరిగి చూశారా' అని అడుగుతాడు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు మామయ్యా. నా అంతవాడే. ఎర్రసిరాతో కొట్టేసిన ఆ మూడు కాగితాలూ దీంతో పంపుతున్నాను.

నా బల్ల మళ్లీ జిరాక్సు మిషను పక్కకి వచ్చింది.

ప్లాంటు మూసే లోపు ఒకసారి రావాలని ఉంది. వచ్చి ఏం చేస్తానో తెలియదు. మీరు వద్దంటే రాను.

మీ మేనకోడలు


ఆగస్టు 30

అమ్మడూ,

ఆలస్యంగా రాస్తున్నాను. ముందు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. రెండూ తగ్గాక రాద్దామని ఆగాను, తగ్గలేదు గానీ రాస్తున్నాను.

నీ జూన్ ఉత్తరం అందిన మర్నాడే కళ్లజోడు ఇంటికెళ్లాను. వాడు వరండాలో కూర్చుని ఎవరిదో గోడగడియారం విప్పి బాగుచేస్తున్నాడు. ఇప్పుడు అదే వాడి పని. నీ ఉత్తరం, భూతద్దం చేతికిచ్చాను. ఒకదాంతో ఇంకొకటి చదివాడు. చదివి, నాకు పెదాలు కనపడేలా తలెత్తి, నెమ్మదిగా అన్నాడు: "నన్ను అడిగి ఉంటే ఒక్క నిమిషం పట్టేది."

అంతే అన్నాడు. తిట్టుంటే బాగుండేది.

నువ్వు మమ్మల్ని చూడకుండా ఒక మాట అనేశావు. నేను పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నవాణ్ణి అడగకుండా తీసేశాను. ఏ హబ్బు మీదా అలా చెయ్యలేదు. నిన్ను అనడానికి నాకు నోరెక్కడుంది?

పోయిన శుక్రవారం వాడిని బతిమాలి షాపుకి తీసుకెళ్లాను. వాడి పాత బీరువా ఇంకా ఖాళీగానే ఉంది. వాణ్ణి తీసేసినప్పుడు కారణం రాయలేదు కాబట్టి ముందు అది రాశాను. వాడిని పక్కన నిలబెట్టి, తలుపు మీద "అనుమానం" అని రాసి, కింద నా నంబరు నలభై ఏడు వేశాను. దాని కింద "తిరిగి చూశాను, బాగుంది" అని రాసి మళ్లీ నలభై ఏడు వేశాను. పోతఖానా వాళ్లు అందరూ పని ఆపి చూశారు. వాడు దగ్గరికొచ్చి, భూతద్దం పెట్టి మొత్తం చదివి, "ఏడు సరిగ్గా పడలేదు" అన్నాడు. నిజంగానే పడలేదు. మళ్లీ వేశాను. తర్వాత టీ తాగాం.

వాడి పరిహారం మాత్రం పోయింది. ఆఫీసు చుట్టూ తిరిగాను, కుదరదన్నారు. నాకొచ్చేదాంట్లో సగం తీసుకోమంటే మళ్లీ మాట్లాడటం మానేస్తానంటున్నాడు. వదలను.

నువ్వు పంపిన మూడు కాగితాలూ తనిఖీ గది గోడకి అంటించాను. అందరూ చదివారు. కొందరు "ఇంతేనా" అన్నారు. ఒకడు రెండుసార్లు చదివాడు. మీ నాయకుడికి ఆ వాక్యం పలకడానికి నోరు రాలేదంటే నాకేం వింత కాదు, మాకూ చెయ్యి రాదని మొదటే రాశాను కదా. ఉద్యోగం మానేస్తానని మాత్రం అనకు. నాలుగోసారి కూడా రాసిపెట్టు, కొట్టెయ్యనీ.

సెప్టెంబరు పన్నెండు మా ఆఖరి రోజు. గుట్టని తీసుకెళ్లడానికి ఆ రోజే బండ్లు వస్తాయి. వాన పడని వైపు రాతలు ఇంకా ఉన్నాయి, ఒక్కో దాని మీదా కారణం, నంబరు. వస్తే నీకు చదివి చూపిస్తాను. పిచ్చుకలు ఎప్పుడో వెళ్లిపోయాయి, గూడు ఉంది. ఇంత తుక్కుకీ కారణం రాసి ఉంది గానీ, మా నాలుగొందల మందిని ఎందుకు తీసేశారో ఎక్కడా ఎవరూ రాయలేదు.

రా. పొద్దున్నే రెండో గేటు దగ్గరికి రా. గట్టి బూట్లు వేసుకో, నేలంతా ఇనుపరజను. నువ్వు వస్తావని అందరికీ చెప్పాను, ఏ పని చేశావో కూడా చెప్పాను. మా పద్ధతిలో మాట రాసినవాళ్లూ, మాట పడినవాళ్లూ పక్కపక్కన నిలబడాలి. కళ్లజోడు కూడా వస్తానన్నాడు. వాళ్లు నిన్నేమంటారో నాకు తెలియదు. నాకెలాగూ వినపడదు, నీకు వినపడుతుంది. అంతా విను. ఆ తర్వాత ఏం రాయాలో నువ్వే రాయి.

సుద్దముక్క నేను తెస్తాను.

నీ మామయ్య